మాయాబజారు చూపించి పిల్లల నోరు మూయకండి

మన కుటుంబాల్లో ఒక మాట చాలాకాలంగా చెల్లుబాటులో ఉంది. "సినిమా అంటే మల్లీశ్వరి, మాయాబజారు, శంకరాభరణం. ఆ తెలుగే తెలుగు. ఇప్పుడొచ్చేదంతా గోల." పండక్కో పెళ్లికో నలుగురు కలిస్తే ఈ మాట వచ్చి తీరుతుంది. దాని వెనకే తోకలాగా ఇంకో మాట కూడా వస్తుంది: "మీ పిల్లల తెలుగు వినండి, ఎట్లా ఉందో! తమిళం సగం, ఇంగ్లీషు సగం. ఆ పాత సినిమాలు నాలుగు చూపించండి, నోరు శుభ్రపడుతుంది."

మొదటి మాటతో మాకు సగం పేచీ. రెండో మాటతో పూర్తి పేచీ. ఆ పేచీ ఏమిటో ఇక్కడ విప్పి చెప్తాం. పెద్దలకు కోపం వచ్చినా సరే, చివరిదాకా చదివి ఆ తర్వాతే తిట్టమని మనవి.

మాది తిరువొత్తియూరులో కుదురుకున్న తెలుగిల్లు. చదువు మాత్రం కోలారు వైపు, కన్నడ మీడియంలో. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, చిన్నప్పటి ఎక్కాలు ఇప్పటికీ కన్నడంలోనే. తెలుగు బడికి ఒక్కరోజు కూడా పోలేదు. మాకు తెలుగు బడి అంటూ ఏదైనా ఉంటే అది సినిమానే. అందుకే సినిమా గురించి మాట్లాడే హక్కు మాకు ఒక పిడికెడు ఎక్కువే ఉందనుకుంటాం. టెస్టింగ్ చేసేవాళ్లకి ఇంకో అలవాటు కూడా ఉంటుంది. ఎవరైనా "బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అంటే, "ఎవరి దగ్గర?" అని అడుగుతాం. రాసినవాడి కంప్యూటర్లో చక్కగా నడిచింది, వాడేవాడి ఫోన్లో కూలబడుతుంది. "ఆ తెలుగే తెలుగు" అన్న మాటను కూడా అట్లాగే పరీక్షకు పెడదాం.

మొదటి పరీక్ష. పాత సినిమా తెలుగు ఎక్కడో కడిగిన ముత్యంలా, ఎవరి పొత్తూ లేకుండా పుట్టిందా? లెక్క మొదటినుంచీ చూద్దాం. 1931 అక్టోబరు 31న మద్రాసులో, షావుకారుపేట వైపు కినిమా సెంట్రల్ అనే హాల్లో ‘కాళిదాస్’ విడుదలైంది. ఆ హాలే తర్వాత మురుగన్ థియేటరు అయింది. తమిళులు తమ మొదటి టాకీగా లెక్కపెట్టే సినిమా అది. తీసినవారు తెలుగువారైన హెచ్.ఎం. రెడ్డి. అందులో నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే ఎదుటివాళ్లు తెలుగులో జవాబు చెప్పారు. మధ్యలో త్యాగరాజ కీర్తనలు కూడా ఉన్నాయి. అచ్చం మా ఇంట్లో భోజనాల వేళలాగే ఉంది కదా! మరుసటి ఏడాది, 1932లో, అదే రెడ్డిగారు ‘భక్త ప్రహ్లాద’ను పూర్తి తెలుగులో తీశారు, అదీ బొంబాయిలో. అంటే తెలుగు టాకీ కూడా మనలాగే బయట పుట్టిన బిడ్డే.

తర్వాత పెద్దలు బంగారు కాలం అనే విజయా–వాహినీ రోజులు. వడపళనిలో ఆ సినిమాలకు ఎవరెవరు చెమటోడ్చారు? ‘పాతాళభైరవి’ (1951), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజారు’ (1957), ఈ మూడింటికీ కెమెరా పట్టింది మార్కస్ బార్ట్లే, ఆయన ఆంగ్లో–ఇండియన్. మిస్సమ్మలోనూ మాయాబజారులోనూ పాడిన పి. లీల కేరళలో పుట్టారు. మిస్సమ్మ కథకు మూలం బెంగాలీ నాటకం. ‘గుండమ్మకథ’ (1962) అయితే కన్నడంలో 1958లో వచ్చిన ‘మనె తుంబిద హెణ్ణు’ నుంచి తెచ్చుకున్నది. ఈ సంగతి చెప్తే మనవాళ్లు చాలామంది నమ్మరు. కన్నడ మీడియంలో చదివినందుకు మాకు మాత్రం ఇందులో కాస్త గర్వం. ఇక 1980లో వచ్చిన ‘శంకరాభరణం’. దానికి సంగీతం కూర్చిన కె.వి. మహదేవన్ నాగర్‌కోయిల్ వైపువారు. అందులో పాడినందుకు జాతీయ అవార్డు అందుకున్న వాణీ జయరాం వేలూరులో తమిళ కుటుంబంలో పుట్టారు.

ఇదంతా ఆ సినిమాలను తక్కువ చేయడానికి చెప్పడంలేదు. వాటి గొప్పతనం ఎక్కడిదో చెప్తున్నాం. నాలుగు భాషలవాళ్లు ఒకే ప్రాంగణంలో, ఒకరి మాట ఒకరు వింటూ, ఒకరి ఉచ్చారణ ఒకరు సరిచేసుకుంటూ పనిచేసిన మద్రాసు వల్ల వచ్చిన గొప్పతనం అది. ఇంట్లో తెలుగు లేని గొంతులో తెలుగు పాట పలికితే అబ్బా అన్నాం, అవార్డు వస్తే మురిసిపోయాం. అదే మద్రాసులో పుట్టిన మన పిల్ల ఒక తెలుగు వాక్యంలో ఒక తమిళ మాట కలిపితే మొహం చిట్లిస్తాం. ఇదెక్కడి న్యాయం?

మాయాబజారునే సాక్షిగా పిలుద్దాం. పింగళి నాగేంద్రరావుగారు ఆ సినిమాలో ఏం చేశారు? నోరు తిరగని రాక్షసుడి చేత ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ అనిపించారు. అది విని ఘటోత్కచుడు గద ఎత్తలేదు, మెచ్చుకున్నాడు. మాటలు ఎవరో ఒకరు పుట్టిస్తేనే పుడతాయన్నది ఆ సన్నివేశం సారం. అరవై ఏళ్లు దాటినా ఆ తప్పు మాటలకే మనం పొట్ట పట్టుకుని నవ్వుతున్నాం, నవ్వి ఇంట్లో వాడుకుంటున్నాం కూడా. అంటే మనవాళ్లు నెత్తిన పెట్టుకున్న సినిమాయే మాట తడబడడాన్ని ముద్దు చేసింది. ఆ సినిమాను చూపించి పిల్లల తడబాటును వెక్కిరించడం పింగళివారికి కూడా అవమానమే.

రెండో పరీక్ష. హీరో నోట ఎవరి తెలుగు ఉంది? ఇక్కడ పాత సినిమా మా లెక్కలో తప్పింది. హీరో ఏ ఊరివాడైనా అతని మాట ఎక్కువగా కృష్ణా, గుంటూరు వైపు చదువుకున్న ఇళ్ల మాట. తెలంగాణ మాట, సీమ మాట, శ్రీకాకుళం మాట చాలాకాలం నవ్వించేవాడికో, నౌకరుకో, రౌడీకో కేటాయించారు. ఇక మనం? వడపళనీ తిరువొత్తియూరూ ఒకే ఊళ్లో ఉన్నాయి. అన్నపూర్ణ స్టూడియో 1976లో మొదలై, 1996 నాటికి రామోజీ ఫిల్మ్‌సిటీ వచ్చేదాకా పరిశ్రమ మెల్లమెల్లగా హైదరాబాదుకు తరలింది. అంతకుముందు దశాబ్దాల తరబడి తెలుగు సినిమా మన ఊళ్లోనే వండుకుంది, మన ఊళ్లోనే తిన్నది. అయినా వచ్చుండారు, ఉండాది, చెప్తా ఉండా అనే మన మాట ఏ హీరో నోటా మాకు వినబడలేదు.

మా ఊరి గుడినే చూడండి. త్యాగరాజస్వామివారు తన శిష్యుడు వీణ కుప్పయ్యర్ పిలిస్తే ఈ తిరువొత్తియూరు వచ్చి, ఇక్కడి త్రిపురసుందరి అమ్మవారి మీద అయిదు కీర్తనలు కట్టారు. తిరువొత్తియూరు పంచరత్నాలని వాటికి పేరు. ఆయన పుట్టింది తిరువారూరులో, బతికింది తిరువయ్యారులో. గోదావరి ఒడ్డునో కృష్ణ ఒడ్డునో కాపురం ఉండలేదు. తమిళదేశంలో తరాల కిందట కుదురుకున్న ఇంటి తెలుగు ఆయనది, అంటే మనలాంటివాళ్ల తెలుగు. ఆ తెలుగులోనే దేశం మొత్తం పాడుకుంటోంది. ఆయన మీద 1946లో నాగయ్యగారు, 1981లో బాపుగారు ‘త్యాగయ్య’ అనే పేరుతోనే సినిమాలు తీశారు. రెండూ చూశాం, రెండింటికీ దండం పెట్టాం. కానీ కావేరి ఒడ్డు తెలుగిళ్లలో మనుషులు పొద్దున లేచి ఎట్లా మాట్లాడుకుంటారో, ఆ యాస మాత్రం మాకు వాటిలో దొరకలేదు. దేవుడిగా మొక్కారు గానీ ఇంటి మాట తీసుకోలేదు.

ఆ లోటు తీర్చడం మొదలుపెట్టింది మనవాళ్లు "గోల" అని కొట్టిపారేసే ఈ పదేళ్ల సినిమానే. 2017లో ‘ఫిదా’ వచ్చింది. బాన్సువాడ పిల్ల తెలంగాణ మాటలో గడగడా మాట్లాడితే రెండు రాష్ట్రాలూ మనసు పారేసుకున్నాయి. ఆ పాత్ర వేసి, తన గొంతుతోనే డబ్బింగ్ చెప్పుకున్న సాయిపల్లవి మన తమిళనాడు నీలగిరుల అమ్మాయి, ఇంటి భాష బడగ. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ వచ్చింది. విశాఖలో ఆ పేట మనుషులే నటులు, ఆ పేట మాటే సంభాషణ. దానికి డబ్బు పెట్టినావిడ అమెరికాలో డాక్టరు. అంటే బయట ఉన్న తెలుగువాళ్లు తలుచుకుంటే ఏం చేయగలరో ఒక లెక్క దొరికింది.

2023 మార్చిలో ‘బలగం’ వచ్చింది. తాత చనిపోయాడు, పిండానికి కాకి రావడంలేదు, కథంతా అదే. చివర్లో బుడగజంగాల పాట వస్తుంటే ఊళ్లలో తెరలు కట్టుకుని చూసి ఏడ్చారు. సిరిసిల్ల వైపు మాట మాకు మొదట్లో కొంచెం కొత్త. అయినా కాకి కోసం ఎదురుచూడడం మా తిరువొత్తియూరు సముద్రం ఒడ్డున తెలియని ఇల్లుందా? యాస అడ్డం రాలేదు. యాస ఉంది కాబట్టే అది నిజంగా జరిగినట్టుంది.

మన గుమ్మం దాకా వచ్చినవి రెండు. 2021 డిసెంబరులో ‘పుష్ప’. శేషాచలం అడవుల కథ, చిత్తూరు మాట. ఆ సినిమాలో మాకు నచ్చనివి చాలానే ఉన్నాయి. దొంగను దేవుణ్ణి చేయడం ఒకటి, ఆడపిల్ల వెంట హీరో పడే తీరు ఇంకొకటి. పాతవాటిలో అవి లేవని మాత్రం అనకండి. గుండమ్మకథలో సరోజ పొగరు అణిచిన పద్ధతిని ఇప్పుడు కూర్చుని మళ్లీ చూడండి. కానీ తిరుత్తణి దాటగానే వినబడే ఆ మాట, మన అవ్వల మాటకు దగ్గరి చుట్టం, మద్రాసులో పుట్టి పెరిగిన ఒక నటుడి నోట దేశమంతా తిరిగింది. తెలుగు హీరోకి మొట్టమొదటిసారి ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డు తెచ్చింది కూడా ఆ మాటే. రెండోది, అదే ఏడాది మే నెలలో ఏ హడావుడీ లేకుండా వచ్చిన ‘సినిమాబండి’. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు పల్లెలో ఒక ఆటోడ్రైవరుకి ఖరీదైన కెమెరా దొరుకుతుంది. ఊరంతా కలిసి సినిమా తీయబోతారు. కోలారు వైపు బడికి పోయిన మాకు ఆ మాటలు వింటుంటే, ఎప్పుడో పారేసుకున్న వస్తువు ఎవరో ఇంటికి తెచ్చి ఇచ్చినట్టయింది.

సరే, కొత్త సినిమాకి జేజేలు కొట్టి ఇంతటితో ఆపుతామా? లేదు. దానితో కూడా మాకు తగాదా ఉంది, ఈ విషయంలో పెద్దల పక్కనే నిలబడతాం. పాన్‌ ఇండియా అన్న పేరుతో ఇప్పుడు జరుగుతున్నది ఒకే సినిమాకి అయిదు గొంతులు అతికించడం. మిస్సమ్మను తమిళంలో ‘మిస్సియమ్మ’గా తీసినప్పుడు సావిత్రిని ఉంచి, ఎన్టీఆర్ చోట జెమినీ గణేశన్‌ను, అక్కినేని చోట తంగవేలును పెట్టి మళ్లీ షూట్ చేశారు. ఏ భాషవాళ్లకు ఆ భాష మనుషుల్ని చూపించాలన్న మర్యాద అది. ‘బాహుబలి’ కూడా తమిళంలో విడిగా చిత్రీకరించారు. ఇప్పుడు ఆ శ్రమ ఎందుకు అనుకుంటున్నారు. ఏ ఊరిదో తెలియని కోట, ఏ జిల్లాదో తెలియని హీరో, ఎవరూ ఇంట్లో మాట్లాడని సంభాషణ. ‘సలార్: పార్ట్ 1 సీజ్‌ఫైర్’, ‘గేమ్ ఛేంజర్’, పేర్లలోనే తెలుగు దిగిపోయింది. అటువైపు నుంచి 2024లో ‘తంగలాన్’, ‘వేట్టయన్’ తమిళ పేర్లతోనే తెలుగునాట దిగాయి. వేట్టయన్ అంటే వేటగాడని మాకు తెలుసు, ఆ పేరుతో 1979లోనే ఎన్టీఆర్ సినిమా ఉంది. విజయవాడలో టికెట్ కొనేవాళ్లకు ఆ అర్థం ఎవరు చెప్పాలి?

మా వైపు సంగతి ఇంకా విడ్డూరం. 1978లో బాలచందర్ ‘మరోచరిత్ర’ తెలుగులో తీస్తే, డబ్బింగ్ లేకుండానే మద్రాసులో ఏడాదిన్నర దాటి ఆడింది. విశాఖలో తమిళ అబ్బాయికీ తెలుగు అమ్మాయికీ మధ్య జరిగిన ఆ కథను తమిళులు తెలుగులోనే చూశారు, తెలుగులోనే ఏడ్చారు. ఇప్పుడు పెద్ద తెలుగు సినిమా మా పేటకు వస్తే తమిళ డబ్బింగ్‌లోనే వస్తుంది. తెలుగు కావాలంటే ఊరు దాటి మల్టీప్లెక్సుకు పోవాలి, అదీ రాత్రి ఆటకు. తండయార్‌పేట అగస్త్య థియేటరు 2020లో మూతపడ్డాక మా ఉత్తర మద్రాసుకు ఒక పెద్ద తెర కూడా తగ్గింది. తెలుగు సినిమాను తెలుగు పిల్లలు తమిళంలో చూస్తున్నారంటే తప్పు పిల్లలది ఎట్లా అవుతుంది?

ఇంకో దెబ్బ అక్షరాల మీద పడింది. కన్నడ అక్షరాలు వచ్చినవాళ్లకి తెలుగు సగం వచ్చినట్టే. తలకట్టు తీరు వేరు, కొన్ని అక్షరాల వంపు వేరు, మిగతాదంతా అక్కాచెల్లెళ్ల పోలిక. మేము తెలుగు చదవడం పట్టుకున్నది టీవీలో పాత సినిమాల పేర్లు పడే చోట. గొంతు తెలిసిన మనిషి, ముఖం తెలిసిన మనిషి పేరు తెర మీద తెలుగులో పడేది. ఘంటసాల దగ్గర ‘ఘ’, పింగళి దగ్గర ‘ళ’, సూర్యకాంతం దగ్గర యావత్తు. తెలిసిన పేరుకి తెలియని అక్షరాన్ని జతచేసుకుంటూ పోయాం. ఇప్పటి సినిమాల్లో పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే పరుగెడుతున్నాయి. ఓటీటీలో చూద్దామన్నా, చాలావాటికి ఇంగ్లీషు సబ్‌టైటిళ్లే గానీ తెలుగు అక్షరాల్లో ఉండవు. మాటా అక్షరం ఒకేసారి కంటికీ చెవికీ అందితే, బడి లేని చోట అంతకంటే మంచి వాచకం ఏముంది? ఖర్చు కూడా పెద్దదేం కాదు, సంభాషణలు ఎట్లాగూ రాసే ఉంటాయి.

ఇక పెద్దల అభ్యంతరాలకు వద్దాం. "యాసలన్నీ ఒప్పుకుంటూ పోతే భాషకు కట్టుబాటు ఏముంటుంది?" అంటారు. వ్యాసానికి ఒక కట్టుబాటు ఉండనీయండి, పరీక్షకు ఉండనీయండి. అన్నం పెట్టమని అడగడానికి ఎందుకు? "కొత్త సినిమాల్లో బూతులు" అంటారు. నిజమే, ఉన్నాయి. బూతును తీసేయమని మేమూ అడుగుతాం. కానీ బూతునూ యాసనూ ఒకే గంపలో వేయకండి. ‘బలగం’లో ఏడ్చినది, ‘సినిమాబండి’లో నవ్వినది యాసే. 2023లో ఆస్కారు గెలిచిన పాట పేరే ‘నాటు నాటు’. నాటుకోడి అంటే మన వీధిలో తమిళులకు కూడా అర్థమవుతుంది. నాటు అని పక్కన పెట్టినదే కదా చివరికి ప్రపంచం ముందు నిలబడింది!

అసలు ప్రమాదం ఎక్కడుందో చెప్తాం. సెలవుల్లో ఊరికి పోతే మన పిల్లల మాట విని బంధువులు నవ్వుతారు. ఇంటికొస్తే మనమే దిద్దుతాం. రెండేళ్లు ఇట్లా జరిగితే పిల్లలు తెలివైన పని ఒకటి చేస్తారు: తెలుగులో మాట్లాడడం మానేస్తారు. అవ్వ తెలుగులో అడుగుతుంది, మనవరాలు ఇంగ్లీషులో జవాబు చెబుతుంది, కాదంటే తల ఊపి ఊరుకుంటుంది. మా పనిలో ఒక సూత్రం ఉంది. తప్పు చూపించే ప్రోగ్రామును బాగు చేయొచ్చు, అసలు నడవని ప్రోగ్రాములో తప్పు కూడా దొరకదు. తప్పుగానైనా మాట్లాడే పిల్ల దగ్గర తెలుగు బతికే ఉంది. నోరు మూసుకున్న పిల్ల దగ్గర ఏం మిగిలింది దిద్దడానికి?

అందుకని మన ఇళ్లకు మా విన్నపం ఇది. పాత సినిమాలు చూపించండి, తప్పకుండా చూపించండి. కానీ జంటగా చూపించండి. ‘మాయాబజారు’ చూపించిన వారమే ‘సినిమాబండి’, ‘మిస్సమ్మ’ తర్వాత ‘ఫిదా’, ‘శంకరాభరణం’ తర్వాత ‘బలగం’. చూశాక "ఎవరి తెలుగు స్వచ్ఛం?" అని అడగకండి. "ఇందులో ఎవరు మన అవ్వలాగా మాట్లాడారు?" అని అడగండి. పిల్ల వాక్యం మధ్యలో ఉన్నప్పుడు దిద్దకండి, ముగించనీయండి. సినిమా తీసేవాళ్లకు కూడా ఒక మాట: పేర్లు తెలుగులో వేయండి, ఓటీటీలో తెలుగు అక్షరాల సబ్‌టైటిళ్లు పెట్టండి. హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో, ఖరగ్‌పూరులో, తిరువొత్తియూరులో మీ సినిమాయే బడి అయిన ఇళ్లు చాలా ఉన్నాయి.

చివరగా మన పిల్లలకు. సినిమాబండిలో ఆటోడ్రైవరుకి కెమెరా దొరికితే ఊరంతా కదిలింది. మీ జేబులో అంతకంటే మంచిది ఉంది. విమ్కోనగర్ మెట్రో, గుడి మాడవీధి, సముద్రపు రాళ్లగట్టు, ఫ్యాక్టరీ షిఫ్టు అయ్యే వేళ టీకొట్టు, ఇవేవీ ఇంతవరకు తెలుగు తెర మీద మన మాటలో కనబడలేదు. తీయండి. అందులో హీరోనే ‘ఉండాది’ అనాలి. నవ్వేవాళ్లు నవ్వనీ, టికెట్టు కొనుక్కుని లోపలికొచ్చి నవ్వనీ.